డీవీడీ ప్లేయర్ కొంటున్నారా? ముందు దాని వెనక చూడండి

బదిలీ మీద బిలాస్‌పూర్ వచ్చి మాకు మూడేళ్ళు దాటింది. ఈ రైల్వే ఊళ్ళో తెలుగువాళ్ళకి కొదవలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు రైల్వే కాలనీల్లో చాలానే ఉన్నాయి. బుధవారీ బజార్లో కూరలు బేరమాడుతుంటే పక్కనుంచి తెలుగు మాట వినబడుతుంది. కానీ మా పిల్లలకి బడిలో హిందీ, ఇంగ్లీషు. వాళ్ళ చెవిన తెలుగు పడేది ఇంట్లో మా అమ్మ మాటల్లోనూ, శనివారం రాత్రి అందరం కలిసి చూసే సినిమాలోనూ. విశాఖ నుంచి కోర్బా రైల్లో చుట్టాలెవరు వచ్చినా సంచిలో స్వీట్లతో పాటు రెండు మూడు డిస్కులు ఉండాల్సిందే.

మా డీవీడీ ప్లేయర్ ఒక సహోద్యోగి బదిలీ అయి వెళ్తూ చవగ్గా ఇచ్చి వెళ్ళింది. కొన్నాళ్ళకి అమ్మ శనివారం సినిమాకి రావడం మానేసింది. "కొత్త సినిమాల్లో ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదురా, మీరు చూడండి" అనేది. నిజానికి మాకూ పాటలు హోరుమనేవి, మాటలు లీలగా వినబడేవి. పిల్లలు కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుని నెట్టుకొచ్చేవారు. అమ్మకి ఇంగ్లీషు రాదు. మేం మాత్రం "వయసు కదా, చెవులు మందగించాయి" అని తీర్మానించేశాం. ఒకసారి డాక్టరుకి కూడా చూపించాం. వయసుకి తగ్గ కొద్దిపాటి లోపమే తప్ప పెద్దగా ఏమీ లేదన్నారు.

నిరుడు దసరాకి ఆ ప్లేయర్ డిస్కు చదవడం మానేసింది. ఫెస్టివల్ అడ్వాన్సు చేతిలో ఉంది. ఈసారి పద్ధతిగా హోం థియేటరే పెడదామనుకుని పాత ప్లేయర్‌ని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళాను. ఆ కుర్రాడిది మూడో తరం తెలుగు రైల్వే కుటుంబం. ప్లేయర్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, దీని వెనక ఆరు సౌండు పిన్నులున్నాయి. మీరు టీవీకి ఎన్ని తగిలించారు?" అని అడిగాడు. రెండే అన్నాను. లెన్సు తుడిచి, కాసేపు కుస్తీ పట్టి ఎలాగో ఆడించి, సెటప్ మెనూ తెరిచాడు. అందులో స్పీకర్ సెట్టింగు 5.1 అని ఉంది. "మరి మాటలెలా వినబడతాయి సార్!" అని నవ్వాడు.

సంగతి ఇదీ. 5.1 అంటే ఆరు దారుల్లో వచ్చే శబ్దం. ముందు కుడి, ఎడమ, మధ్య. వెనక కుడి, ఎడమ. ఆ చివరి .1 అనేది దడదడలాడే లోతు శబ్దాల కోసం ఉండే సబ్ వూఫర్. ఈ తరహా సినిమాల్లో సంభాషణ చాలామటుకు మధ్య స్పీకరులోంచే వస్తుంది. ఆరు పిన్నుల్లో రెండే తగిలించి, ప్లేయర్‌కి మాత్రం ఆరు స్పీకర్లున్నాయని చెబితే, అది మాటల్ని లేని మధ్య స్పీకరుకి పంపించేస్తుంది. మనకి మిగిలేది సంగీతమూ, చప్పుళ్ళూను. పాత సినిమాలకి ఈ బాధ లేదు. 'మాయాబజార్' (1957) లాంటి వాటిది ఒకే దారి శబ్దం కాబట్టి ఆ మాటలు రెండు పిన్నుల్లోనూ వస్తాయి. అమ్మ పాత సినిమాలే ఎందుకు చూస్తానంటుందో అప్పుడు అర్థమైంది. అది చాదస్తం కాదు, మా చేతగానితనం.

దాంతో కొనుగోలు గురించి నా ఆలోచనే మారిపోయింది. అప్పు ఇచ్చేముందు మనం పార్టీ అవసరం ఏమిటో చూస్తాం కదా. ప్లేయర్ కొనేటప్పుడూ అంతే. డబ్బా మీద ఎన్ని గుర్తులున్నాయన్నది ముఖ్యం కాదు. మన ఇంట్లో ఏ డిస్కులున్నాయి, ఏ టీవీ ఉంది, వినేవాళ్ళెవరు అన్నవే లెక్క. ఆ లెక్కలో నేను తెలుసుకున్నవి చెబుతాను.

మొదటిది జత కుదరడం. డిస్కులో ఉన్న 5.1 శబ్దాన్ని విడదీసే పనిని డీకోడింగ్ అంటారు. ఆ పని ప్లేయర్ అయినా చెయ్యాలి, ఆంప్లిఫయర్ అయినా చెయ్యాలి. మీ స్పీకర్ సెట్టులో డాల్బీ డీకోడర్ ఉంటే, ప్లేయర్‌కి కోయాక్సియల్ లేదా ఆప్టికల్ అవుట్ ఉంటే చాలు. ఒకే తీగ మీద మొత్తం శబ్దం వెళ్ళిపోతుంది. స్పీకర్ సెట్టులో డీకోడర్ లేకుండా ఆరు పిన్నులే ఉంటే, ప్లేయర్‌లోనే డీకోడర్ ఉండి వెనక ఆరు పిన్నులూ ఉండాలి. ఉత్త టీవీకే తగిలిస్తారా? రెండు పిన్నులు చాలు, కానీ మెనూలో డౌన్‌మిక్స్ అన్న చోట 'స్టీరియో' పెట్టడం మరవకండి. అప్పుడు మధ్య స్పీకరు మాటలు కూడా ఆ రెండింటిలోకే వచ్చి కలుస్తాయి.

రెండోది బొమ్మ. మన దేశంలో వాడే పాల్ పద్ధతి డీవీడీ బొమ్మ 720 × 576 చుక్కలు. వీసీడీది 352 × 288 మాత్రమే. అంటే డీవీడీలో దాదాపు నాలుగు రెట్ల చుక్కలు. పాత గాజు బుడ్డి టీవీ అయితే పసుపు పిన్ను కంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంపోనెంట్ పిన్నులతో రంగులు శుభ్రంగా వస్తాయి, టీవీకి ఆ పిన్నులుంటే. హెచ్‌డీఎంఐ, '1080 అప్‌స్కేలింగ్' అన్న వాటికి డబ్బు పెట్టడం ఎల్‌సీడీ టీవీ ఉన్నవాళ్ళకే తగును. అప్పుడు కూడా డిస్కులో లేని వివరం కొత్తగా పుట్టదు.

మూడోది డిస్కులు. అమెరికాలో ఉన్న చుట్టాలు పంపే డిస్కులు మీ ఇంటికి వస్తుంటే రీజియన్ అడగండి. అమెరికాది 1, మనది 5. అన్ని రీజియన్లూ, పాల్‌తో పాటు ఎన్‌టీఎస్‌సీ కూడా ఆడుతుందో లేదో షాపులోనే వేయించి చూడండి. యూఎస్‌బీ ఉంటే పిల్లల పుట్టినరోజు ఫొటోలు పెన్ డ్రైవ్ లోంచి చూసుకోవచ్చు.

నాలుగోది వాట్లు. డబ్బా మీద పెద్ద అంకెలతో వేసే పీఎంపీఓ వాట్లు చూసి మోసపోకండి. దానికి ఒక ప్రమాణమంటూ లేదు. ఆర్‌ఎంఎస్ వాట్లు ఎన్నో అడగండి. మామూలు క్వార్టర్సు హాలుకి అవేమీ ఎక్కువ అక్కర్లేదు.

ఐదోది, ప్లేయరూ ఆంప్లిఫయరూ కలిసిన ఒకే పెట్టె కొనాలా, విడిగా కొనాలా అన్నది. ఒకే పెట్టె అయితే తీగల గొడవ తక్కువ. కానీ ప్లేయర్‌లో ముందు అరిగేది లెన్సు. అది పోతే మొత్తం పెట్టె రిపేరుకి వెళ్ళాలి. బదిలీల మీద తిరిగే మనకి విడిగా ఉండటమే మేలని నాకనిపించింది. ప్లేయర్ చవకది కొని, మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెట్టండి. ప్లేయర్ మారుతుంది, మంచి స్పీకర్లు ఏళ్ళ తరబడి ఉంటాయి.

నేను మా ఇంటి నుంచి మూడు డిస్కులు పట్టుకెళ్ళాను: గీతలు పడ్డ పాత వీసీడీ ఒకటి, 5.1 ఉన్న కొత్త సినిమా ఒకటి, ఇంట్లో రాసుకున్న పాటల సీడీ ఒకటి. షాపువాడు వేసే డిస్కు ఎప్పుడూ బాగానే ఆడుతుంది, మన డిస్కు ఆడాలి. మూడూ ఆడిన ప్లేయర్ మూడు వేల లోపే దొరికింది. కోయాక్సియల్ అవుట్ ఉంది. డీకోడర్ ఉన్న స్పీకర్ సెట్టు విడిగా తీసుకున్నాను. మధ్య స్పీకరు శబ్దాన్ని మాత్రమే విడిగా పెంచుకునే వీలు దాంట్లో ఉందా అని చూసి మరీ కొన్నాను. ప్లేయర్ మెనూలో డైనమిక్ రేంజ్ అని ఒకటుంటుంది. అది పెడితే ఫైటింగు చప్పుళ్ళు తగ్గి, సన్నటి మాటలు పైకి వస్తాయి. రాత్రిపూట పక్క క్వార్టర్సు వాళ్ళ నిద్ర చెడదు. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఈ రెండూ వెనక స్పీకర్ల కంటే ముఖ్యం.

ఆ శనివారం మధ్య స్పీకరు టీవీ కింద పెట్టి, దాని శబ్దం కొంచెం పెంచి కొత్త సినిమా వేశాం. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి కాసేపు విని, వచ్చి కుర్చీలో కూర్చుంది. అరగంట తరవాత చిన్నవాడు ఒక మాటకి అర్థం అడిగితే, సబ్‌టైటిల్ కంటే ముందు నాయనమ్మే చెప్పింది. ఇప్పుడు మా ఇంట్లో సబ్‌టైటిల్స్ వెయ్యడం లేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా టీవీ ముందు నుంచి లేచి వెళ్ళిపోతుంటే, వాళ్ళ చెవుల్ని అనుమానించే ముందు ఒక్కసారి ప్లేయర్ వెనక తీగలు చూడండి. కొత్తది కొనకుండానే పని జరిగిపోవచ్చు.