లేదని చూపబోయి తయారుచేశారు!

గంధకం అంటే మిరప రైతుకు బూడిద తెగులు మీద కొట్టే మందు. వెల్లుల్లి చిదిమితే వచ్చే ఘాటూ గంధకం చలవే. ఈ గంధకాన్నే ‘అలీన్’ అనే వింత పదార్థానికి తగిలించడానికి రసాయన శాస్త్రజ్ఞులు పెద్ద కసరత్తే చేశారు.

అలీన్‌లో మూడు కర్బన పరమాణువులు వరుసగా ఉంటాయి. నడిమి దానికి ఇరుపక్కలా రెండేసి పేటల బంధం. రెండు కొసలా పంగ ఉన్న కర్రను ఊహించుకుంటే చాలు. ఒక పంగ నిలువుగా ఉంటే రెండోది అడ్డంగా ఉంటుంది. ఇలాంటిది ఉండదని రుజువు చేయబోయి 1887లో బర్టన్, వాన్ పెక్‌మన్ తమకు తెలియకుండా దాన్నే తయారుచేశారు. సీసాలో ఉన్నది అలీనేనని తేలడానికి 1954 దాకా పట్టింది.

గంధకం తగిలించే దారులు చాలా ఉన్నాయి. మూడు పేటల బంధం ఉన్న సరుకుకు గంధకం కట్టి క్షారం తగిలించడం ఒకటి. పేటలు జరిగి అలీన్ వస్తుంది. చిక్కల్లా అది అక్కడితో ఆగకపోవడమే. మరికాస్త జరిగి వేరే పదార్థమై కూర్చుంటుంది. బెల్లం పాకం దించినట్టు ఇక్కడా అదను తెలియాలి.

ఇంకో పద్ధతి ముచ్చటైనది. ప్రొపార్జిల్ ఆల్కహాల్ అనే ద్రవంలో గంధకం, క్లోరిన్ ఉన్న ఎర్రని ఘాటు ద్రవాన్ని, కాస్త క్షారాన్ని సున్నాకు దిగువన 78 డిగ్రీల చలిలో కలుపుతారు. గంధకం ముందు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. చలి తగ్గేకొద్దీ అవతలి కొస కర్బనాన్ని అందుకుంటుంది. ఆ క్షణంలోనే ఆక్సిజన్ ఇవతలి కర్బనాన్ని వదిలి గంధకం వెంట వెళ్లిపోతుంది. కాలువ దాటేవాడు అవతలి గట్టున కాలు మోపుతూ ఇవతలి కాలు ఎత్తినట్టన్నమాట. మంట పెట్టే పనే లేదు. దీనికి దగ్గరి చుట్టమైన మార్పును 1967లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు బ్రేవర్‌మన్, బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు స్టిర్లింగ్ వేరువేరుగా ప్రకటించారు.

ఇంత శ్రమ ఎందుకంటే, గంధకం, ఆక్సిజన్ తగిలిన అలీన్‌ను ఇతర పదార్థాలు చప్పున అంటుకుంటాయి. మందులకు కావలసిన చిక్కు అణువులను కట్టడానికి అది మంచి ముడిసరుకు. ఇలాంటి కొన్ని అలీన్లు జీవకణాల్లోని డి.ఎన్.ఎ. పోగును తెంపగలవని తేలడంతో కేన్సర్ పరిశోధకుల చూపు వీటిపై పడింది. అయితే అది ప్రయోగశాలలో తేలిన సంగతే గాని చేతికొచ్చిన మందు బిళ్ల కాదు.

మనుషుల చేతుల్లా అలీన్లలోనూ కుడి, ఎడమ రకాలుంటాయి. ఈ సంగతి 1875లో వాంట్ హాఫ్ ఊహించగా, 1935లో కేంబ్రిడ్జ్‌లో మెయిట్‌లాండ్, మిల్స్ చేసి చూపారు. గంధకం లేనివే అయినా, ఒకే వాటం అలీన్లను చేసే పద్ధతులను హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పెరియసామి బృందం కూడా కనుగొంది.