ఏపీ 03 కళ్లతో ఆకాశం చూస్తే

నంబరు చూసి ఊరు చెప్పడం చిత్తూరు వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. తిరుమల ఘాట్‌లోనైనా, చెన్నై ట్రాఫిక్‌లోనైనా ముందు పోతున్న బండి మీద ‘ఏపీ 03’ కనబడితే చాలు, ‘మనోళ్లే’ అనేస్తాం. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చాక ఆ ముచ్చట పాత బండ్లకే మిగిలింది. ఆ అలవాటు ఇంకా పనికొచ్చే చోటు ఒకటుంది. బెంగళూరు దగ్గరి యలహంక.

చిత్తూరు నుంచి మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు, ముళబాగిలు, కోలారు మీదుగా పోతే సుమారు 180 కిలోమీటర్లు. బేసి సంవత్సరం ఫిబ్రవరిలో అక్కడి వైమానిక స్థావరంలో ఏరో ఇండియా విమాన ప్రదర్శన జరుగుతుంది. చీకటితోనే బయల్దేరితే ఎండెక్కేలోగా చేరుకోవచ్చు. జనం ఎదురుచూసేది వైమానిక దళం విన్యాసాల జట్టు సూర్యకిరణ్ కోసం. ఎరుపు, తెలుపు రంగుల్లో తొమ్మిది హాక్ జెట్లు ఒకదాని రెక్క ఇంకొకదానికి తగులుతుందేమో అన్నంత దగ్గరగా వస్తాయి. అందరూ పొగ చూస్తారు. నేనైతే తోక వైపు చూడమంటాను.

ఫోన్‌లో తీసిన ఫొటోను రెండు వేళ్లతో సాగదీయండి. తోక మీద మూడు రంగుల పట్టీ. వెనక భాగంలో ఇంగ్లిష్ ‘ఎ’ అక్షరం, పక్కనే నాలుగంకెలు. అక్షరం హాక్ రకానిది, అంకెలు ఆ ఒక్క విమానానివి. రఫేల్ యుద్ధ విమానం మీద ‘బీఎస్’ కనిపిస్తే అది మాజీ వైమానిక దళాధిపతి బీరేందర్ సింగ్ ధనోవా పేరులోది; రెండు సీట్ల రఫేల్ మీది ‘ఆర్‌బీ’ ఆయన తర్వాత వచ్చిన భదౌరియా పేరు మీద పెట్టింది. మన ఆర్టీఓ ఆఫీసులో ఇంత మర్యాద ఎక్కడిది!

సూర్యకిరణ్ 1 అన్నది మాత్రం వేరే లెక్క. అది పైలట్ స్థానం. ఒకటి అంటే జట్టు నాయకుడు. ఒక విమానం షెడ్డులో ఉంటే ఇంకో విమానం ఎక్కుతాడు, అప్పుడూ ఒకటే. పెళ్లి పందిట్లో పీట మారినా పెళ్లికొడుకు మారడు కదా. అమెరికా వైమానిక దళం విన్యాసాల జట్టు థండర్‌బర్డ్స్‌లో ఈ స్థానం అంకెనే విమానం మీద రాస్తారు. అందులో 5వ విమానం ఎక్కువగా తలకిందులుగా ఎగురుతుందని, దాని మీద 5 అంకెను కూడా తలకిందులుగానే వేశారు. సైనికులకూ చమత్కారం ఉంటుంది.

1996లో బీదర్‌లో సూర్యకిరణ్ జట్టు పుట్టినప్పుడు నడిపింది కిరణ్ మార్క్ 2 విమానాలు. వాటి అక్షరం ‘యు’. నౌకాదళం విన్యాసాల జట్టు సాగర్ పవన్ నడిపిందీ కిరణ్ మార్క్ 2లే. 2010 మార్చి 3న హైదరాబాదు బేగంపేట ప్రదర్శనలో ఆ జట్టు విమానం ఒకటి బోయినపల్లిలో కూలి ఇద్దరు నౌకాదళ అధికారులు చనిపోయారు. మరుసటేడు శిక్షణకు విమానాలు చాలక సూర్యకిరణ్ కిరణ్‌లను జట్టులోంచి తీసి కుర్ర పైలట్లకు ఇచ్చారు. పని మారినా ‘యు’ నంబర్లు మాత్రం అవే. 2015లో జట్టు హాక్‌లతో మళ్లీ లేచింది.

ఈసారి యలహంకకు పోతే జూమ్ ఉన్న కెమెరా పట్టుకుపోండి. విమానాలు గాల్లో ఉన్నప్పుడు అంకెలు దొరకవు. ల్యాండయ్యి వరుసగా వెనక్కి వచ్చేటప్పుడు తీయండి, తొమ్మిది నంబర్లూ దొరుకుతాయి.