ఇంటా తోటలో కొయ్య చీల

పూర్వపు పెంకుటిండ్ల గోడలకు చిలక్కొయ్యలు ఉండేవి. ఉత్తరీయమూ, గొడుగూ, చేసంచీ వాటికే వేలాడేవి. తిరగలి పైరాతికి పిడిగా దిగగొట్టినది కూడా ఒక కొయ్య ముక్కే. ఇనుప మేకులు చౌకగా లభించడం మొదలైన తరువాత ఈ కొయ్య చీల వెనుకబడిపోయింది. అదే వస్తువు నేడు నున్నని గుండ్రని కర్ర రూపంలో, ‘డోవెల్’ అనే పేరుతో హార్డ్‌వేర్ దుకాణాలలో లభిస్తున్నది. 6, 8, 10 మిల్లీమీటర్ల వ్యాసం గలవి గృహావసరాలకు సాధారణంగా సరిపోతాయి.

మన వంటి ఉద్యోగ కుటుంబాలకు దీనితో పని పడడానికి ముఖ్య కారణం బదిలీ. లారీలో ఒకసారి ఊరు మారిన కుర్చీకి కీళ్ళు కదులుతాయి, రెండవసారి వదులవుతాయి. క్వార్టరు తలుపుల మరమ్మతును సివిల్ విభాగం చూసుకుంటుంది గాని, సొంత కుర్చీ సంగతి మనమే చూసుకోవాలి. అది కిర్రుమనడం ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చును. కాని ఇంటిలోని పెద్దవారు లేచేటప్పుడు తమ బరువంతా కుర్చీ చేతులపైనే మోపుతారు. ఆ క్షణాన కీలు విడిపోతే, ఆ వయసులో తుంటి ఎముక విరగడం సామాన్యమైన కష్టం కాదు.

వదులైన చోట మేకు దిగగొట్టడం అందరూ చేసే పని. అదే కుర్చీకి చేసే అపకారం. కలప తేమకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. నిలువునా మాత్రం దాదాపు మారదు. ఈ కదలికతో మేకుకు సంబంధం లేదు గనుక దాని చుట్టూ రంధ్రం క్రమంగా పెద్దదవుతుంది. అంచుకు దగ్గరగా కొడితే చెక్క చీలుతుంది. సముద్రతీర ప్రాంతాలలో తుప్పు బాధ అదనం. కొయ్య చీల కూడా కలపే కావడం వలన చుట్టూ ఉన్న చెక్కకు అనుకూలంగా మెలగుతుంది.

కూసం విరిగిన కుర్చీకి చేయవలసిన పని ఇది. విరిగిన కూసాన్ని సమంగా కోసివేసి, పాత జిగురును ఉలితో పూర్తిగా గీకివేయాలి. ఎండిపోయిన ఫెవికాల్‌పై కొత్త ఫెవికాల్ సరిగా పట్టదు. ఇంటి మరమ్మతులు అనేకం విఫలమయ్యేది ఇక్కడే. చీల వ్యాసం చెక్క మందంలో మూడవ వంతు నుండి సగం లోపు ఉండాలి. 24 మిల్లీమీటర్ల అడ్డపట్టెకు 8 మిల్లీమీటర్ల చీల చాలును. ఒక్క చీలపై పట్టె గిర్రున తిరుగుతుంది కాబట్టి రెండు వేయాలి. రెండు ముక్కలలోని రంధ్రాలు ఎదురెదురుగా రావడానికి సులువైన ఉపాయం ఉన్నది: ఒక ముక్కలో చీల రావలసిన చోట సన్నని మేకు కొట్టి, తల కత్తిరించి, రెండవ ముక్కకు నొక్కితే గుర్తు పడుతుంది. ఆ తరువాత మేకును పట్టకారుతో లాగివేయవచ్చును.

చీల పొడవు 50 మిల్లీమీటర్లయితే, ఒక్కొక్క వైపు 26 మిల్లీమీటర్ల లోతు తొలచాలి. అడుగున మిగిలే ఆ కొద్ది చోటు జిగురు కోసం. చీలపై పొడవునా ఒకటి రెండు గాళ్ళు గీయడం మరువరాదు. లోపల చిక్కిన గాలికీ జిగురుకూ దారి లేకపోతే, సుత్తి దెబ్బకు చెక్క పగులుతుంది. చీల బాగా ఎండినదై ఉండాలి. జిగురులోని తేమకు అది కొద్దిగా ఉబ్బి మరింత బిగుస్తుంది. బిగించిన కుర్చీకి తాడు చుట్టి మెలిపెట్టి, ఒక రోజంతా ఎవరినీ కూర్చోనీయరాదు. పిల్లలున్న ఇంట ఇదే కష్టతరమైన ఘట్టం. నిచ్చెన మెట్లూ, పసివారి ఊయలా మాత్రం వడ్రంగికే అప్పగించడం క్షేమం.

అలమారు తలుపు బందుల మరలు పట్టు తప్పినప్పుడు కూడా రంధ్రాన్ని వెడల్పు చేసి, జిగురుతో చీల దిగగొట్టి, సమంగా కోసి, మరను తిరిగి బిగించవచ్చును. అయితే మర చీల నారల వెంట దిగుతుంది గనుక పట్టు కొంత తక్కువ. కాస్త పొడవైన మర వాడితే మేలు.

గృహిణులకు మరొక ఉపయోగం. పట్టుచీరలు ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే ఆ మడత వెంటే చిరుగుతాయి. లావుపాటి గుండ్రని కర్రకు ఉతికిన తెల్లని నూలుగుడ్డను రెండు మూడు వరుసలు చుట్టి, దానిపై చీరను చుట్టి ఉంచితే ఆ బాధ తగ్గుతుంది. గుడ్డ లేకుండా చుట్టరాదు. కలపలోని ఆమ్లాలు పట్టుకు హాని చేస్తాయి.

ఇక పెరటి తోట. టమాటా మొక్కకు ఊతకర్రను నాటిన రోజే పాతాలి. తరువాత పాతితే వేళ్ళు తెగుతాయి. కాండాన్నీ కర్రనూ గుడ్డపీలికతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి. దుకాణాలలోని తేలిక రకపు కర్ర నేల మట్టం వద్ద త్వరగా కుళ్ళుతుంది, చెదలూ పడతాయి. ఈ పనికి వెదురో సరుగుడో నయం. గుండ్రని కర్రకు తోటలో తగిన పని విత్తడమే. మొన చెక్కి, సెంటీమీటరుకొక గాటు పెట్టుకుంటే విత్తనాలన్నీ ఒకే లోతున పడతాయి. విత్తనం మందానికి రెండు మూడు రెట్ల లోతు సాధారణంగా చాలును. మిగిలిన సన్నని పుల్లను కుండీ మట్టిలో గుచ్చి, పది నిమిషాల తరువాత తీసి చూడండి. అడుగు భాగం తడిసి నల్లబడి ఉంటే ఆ రోజుకు నీరు పోయనక్కరలేదు.