భాష ఒక్కటీ చాలదు



మన ఇళ్లలో తెలుగు, బడిలో తమిళం. రెండు భాషల మధ్య మసలడం మనకు కొత్త కాదు. కాని ఒక్క ముక్కా రాని భాషలో పని వెతుక్కోవలసి వస్తే?

1975 తర్వాత లావోస్ వదిలి, థాయిలాండ్ శిబిరాల మీదుగా అమెరికా చేరిన హ్మోంగ్ కాందిశీకులకు ఈ కష్టమే ఎదురైంది. కొండసేద్యం చేసిన ఆ పెద్దల్లో చాలామంది ఏ బడికీ వెళ్లినవారు కారు. అందుకే అక్కడ వారికి ఇంగ్లీషు తరగతులూ, వృత్తి శిక్షణా రెండూ అవసరమయ్యాయి.

మన దగ్గర సంగతి వేరు. 1983 అల్లర్ల నాటి నుంచి తమిళనాడుకు చేరిన శ్రీలంక తమిళుల శిబిరాలలో ఒకటి విరుదునగర్ దగ్గరి కుల్లూర్‌సందైలో ఉంది. వారికి భాష అడ్డు కాలేదు. పిల్లలు ఇక్కడి బళ్లలోనే చదువుకున్నారు. అయినా పట్టా చేతపట్టుకుని గోడలకు రంగులు వేసే యువకులు ఇటువంటి శిబిరాలలో ఉన్నారు. పౌరసత్వం లేనిదే ప్రభుత్వోద్యోగం అందదు మరి!

2021లో రాష్ట్ర ప్రభుత్వం వీటికి పునరావాస శిబిరాలని పేరు మార్చి, ఇళ్లతో పాటు వృత్తి శిక్షణ కూడా ప్రకటించింది. మంచిదే. అయితే నేర్చిన పనికి పిలిచేవారుండాలి కదా!

మిల్లు నడిపేవారు, అంగడి నడిపేవారు మనలోనూ ఉన్నారు. పని కోసం వచ్చినవారిని ఏ ఊరని అడుగుతాం. ఏం చదివారని, ఏ పని వచ్చునని కూడా అడుగుదాం.

సెలవు.