ట్యాంకు నిరోధక దళాల సైనికులు - కుటుంబ స్మృతులు

శత్రువుల ట్యాంకులను ఎదుర్కొని నాశనం చేయడానికి ప్రత్యేకంగా ఏర్పరచిన సైనిక దళాలను ట్యాంకు నిరోధక దళాలు అంటారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో (1939-45) అమెరికా సైన్యం వీటిని ట్యాంకు విధ్వంసక దళాలు అనే పేరుతో 1941లో ఏర్పాటు చేసి, యుద్ధం ముగిశాక 1946 నాటికి రద్దు చేసింది. బ్రిటిషు ఇండియా సైన్యంలో ఆ పేరుగల దళం లేదు. ఇక్కడ ఆ పని శతఘ్ని దళానికి చెందిన ట్యాంకు నిరోధక రెజిమెంట్లు చేసేవి. ఆ యుద్ధంలో ఫిరంగుల వద్ద పనిచేసినవారి జ్ఞాపకం కుటుంబాలలో ఏ రూపంలో మిగులుతుంది, అనంతపురం వంటి కరువు ప్రాంతంలోని కుటుంబం తమ పెద్దల సైనిక సేవను ఏ ఆధారాలతో తెలుసుకోగలదు అన్నవి ఈ వ్యాసంలోని విషయాలు.

నేపథ్యం

1857 తిరుగుబాటు తరువాత బ్రిటిషువారు భారతీయులకు పర్వత ఫిరంగి దళాలలో తప్ప శతఘ్ని దళంలో స్థానం ఇవ్వలేదు. ఆ నిషేధం తొలగి, 1935 జనవరిలో బెంగుళూరులో మొదటి భారతీయ ఫీల్డు ఫిరంగి దళం ఏర్పడింది. యుద్ధం మొదలైన 1939లో సుమారు రెండు లక్షలున్న భారత సైన్యం 1945 నాటికి 25 లక్షలకు చేరింది. నిర్బంధ సైనిక సేవ లేదు. చేరినవారందరూ స్వచ్ఛందంగా చేరినవారే అని చరిత్ర పుస్తకాలు వ్రాస్తాయి. అయితే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షం మాత్రమే కురిసే అనంతపురం పీఠభూమి వంటి చోట, పంట పోయిన రైతు కొడుకు సైన్యంలో చేరడాన్ని పూర్తి స్వేచ్ఛ అనవచ్చునా అనేది వేరే ప్రశ్న. జీతంలో కొంత భాగం ప్రతినెలా మనీఆర్డరుగా ఇంటికి చేరే ఏర్పాటు ఉండేది. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ జిల్లా వంటి ప్రాంతాలకు ఆ సొమ్ము చిన్నదేమీ కాదు.

ఫిరంగి వద్ద పని

యుద్ధారంభంలో వాడిన రెండు పౌనుల ఫిరంగి ట్యాంకు బాగా దగ్గరకు వచ్చేవరకు పనికివచ్చేది కాదు. సిబ్బంది గుంట త్రవ్వి, ఫిరంగిని దాచి, ట్యాంకు సమీపించే వరకు కదలకుండా కాచుకొని ఉండాలి. మొదటి గుండు పేలగానే లేచే ధూళి, మెరుపు వలన వారి స్థానం శత్రువుకు తెలిసిపోతుంది. అందువలన ఈ దళాలలో ప్రాణనష్టం అధికం. 1942 మే 27న లిబియా ఎడారిలో బీర్ హకీం సమీపాన 3వ ఇండియన్ మోటారు బ్రిగేడుపై ఇటలీకి చెందిన అరియెటే ట్యాంకుల డివిజను విరుచుకుపడింది. అప్పుడు 2వ ఇండియన్ ఫీల్డు రెజిమెంటు సైనికులు తమ 25 పౌనుల ఫిరంగులనే ట్యాంకులపైకి గురిపెట్టి అనేక ట్యాంకులను ధ్వంసం చేశారు. చివరకు ఆ బ్రిగేడు స్థానం శత్రువు వశమైంది.

బర్మా రంగంలో పరిస్థితి భిన్నం. అక్కడ జపాను ట్యాంకులు తక్కువ. కనుక ట్యాంకు నిరోధక ఫిరంగులను బంకర్లను పగలగొట్టడానికి వాడారు, కొన్ని బ్యాటరీలకు మోర్టార్లు ఇచ్చారు. కుటుంబ స్మృతులను పరిశీలించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. తాత మోర్టారు పేల్చాడని ఇంట్లో చెప్పుకుంటూ ఉండగా కాగితాలలో ట్యాంకు నిరోధక రెజిమెంటు అని ఉంటే, రెండూ నిజమే కావచ్చును.

ఇంట మిగిలేవి

పల్లెలలో సైనికుని పేరుకు ముందు "మిలటరీ" అనే మాట చేరి, మనవల కాలానికి ఇంటిపేరువలె నిలిచిపోవడం కద్దు. రెజిమెంటు పేరు త్వరగా మరుగున పడుతుంది. రంగం, బస్రా, ఇటలీ వంటి ఊరి, దేశాల పేర్లు మాత్రం మిగులుతాయి. (రంగం అనగా రంగూను.)

మిగిలిన వస్తువులలో ముఖ్యమైనది పతకం. బ్రిటన్ తన సైనికులకు ఇచ్చిన రెండవ ప్రపంచ యుద్ధ పతకాలపై పేర్లు ఉండవు. భారతీయులకు, దక్షిణాఫ్రికా వారికి, ఆస్ట్రేలియా వారికి ఇచ్చిన పతకాలపై మాత్రం పేర్లు చెక్కారు. బర్మా స్టార్, ఆఫ్రికా స్టార్, ఇటలీ స్టార్ వంటి నక్షత్ర పతకాల వెనుక వైపున, గుండ్రని పతకాలకు అంచున సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళం ఇంగ్లీషులో ఉంటాయి. అనగా ట్రంకు పెట్టెలోని నల్లబడిన పతకం ఒక దస్తావేజు. దానిని గట్టిగా తోమి మెరిపించితే అక్షరాలు అరిగిపోతాయి. పాత లోహం క్రింద అమ్మివేస్తే, కాగితాలు పోయిన ఇంట మిగిలిన ఆ ఒక్క ఆధారమూ పోతుంది.

మరణించినవారి పేర్లు

హిందూ సైనికులను సాధారణంగా దహనం చేసేవారు కనుక వారికి సమాధులు ఉండవు. అందువలన పేర్లను స్మారకాలపై చెక్కారు. రంగూను సమీపంలో తావుక్యాన్ వద్దనున్న రంగూన్ స్మారకంపై దాదాపు 27,000 పేర్లున్నాయి. ఇటువంటి స్మారకాలు సింగపూరు, ఇటలీ, ఈజిప్టులలోనూ ఉన్నాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం ఈ పేర్లను అంతర్జాలంలో ఉంచింది. పలు నమోదులలో తండ్రి పేరు, గ్రామం, జిల్లా కూడా ఉంటాయి. తెలుగు పేర్ల ఇంగ్లీషు వర్ణక్రమం చాలాచోట్ల వికృతంగా ఉంటుంది, ఇంటిపేరు ఉండకపోవచ్చు. కాబట్టి పేరుతో వెదకడం కంటే సైనిక సంఖ్యతో సరిచూడడం మేలు.

బ్రతికి వచ్చినవారి గురించి తెలుసుకోవడం ఇంతకంటే కష్టం. శతఘ్ని దళపు రికార్డుల కార్యాలయం మహారాష్ట్రలోని నాసిక్ రోడ్డులో ఉంది. సైనిక సంఖ్య లేకుండా అక్కడ విచారించడం వలన ప్రయోజనం తక్కువ. యుద్ధకాలానికి మాత్రమే చేరి 1945-46లో విడుదలైన లక్షలాదిమందికి సైనిక పింఛను రాలేదు, కనుక వారి ఇళ్ళలో పింఛను పుస్తకం కూడా ఉండదు. ఇటువంటి వారికి, వారి భార్యలకు రాష్ట్ర ప్రభుత్వాలు తరువాతి కాలంలో నెలసరి సహాయం మంజూరు చేశాయి. ఆ దరఖాస్తులు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ద్వారా వెళ్ళేవి. అనంతపురంలోనూ ఆ కార్యాలయం ఉంది.

గ్రామ స్మారకాలు

పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరం గ్రామం నుండి రెండు ప్రపంచ యుద్ధాలకూ పెద్ద సంఖ్యలో సైనికులు వెళ్ళారు. ఆ ఊరికి మిలటరీ మాధవరం అనే పేరు స్థిరపడింది, అక్కడ స్మారక స్తూపం కూడా ఉంది. స్వాతంత్ర్యానంతరం ట్యాంకులతో పోరాడినవారిలో అత్యంత ప్రసిద్ధుడు అబ్దుల్ హమీద్. 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ వద్ద ఈయన జీపుపై అమర్చిన 106 మి.మీ. రికాయిల్‌లెస్ ఫిరంగితో పాకిస్తాను ట్యాంకులను ధ్వంసం చేసి మరణించాడు. పరమవీర చక్ర పొందిన ఈయనకు ఉత్తరప్రదేశ్‌లోని స్వగ్రామం ధాముపూర్‌లో స్మారకం ఉంది.

2019 ఫిబ్రవరిలో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం స్వాతంత్ర్యం తరువాతి అమరులది. ప్రారంభించేనాటికి అక్కడ 25,942 పేర్లు ఉన్నాయి. 1939-45లో మరణించినవారి పేర్లు అక్కడ కనిపించవు. వారిలో అవిభక్త భారతదేశపు 25,000కు పైగా సైనికుల పేర్లు ఢిల్లీ కంటోన్మెంటులోని యుద్ధ స్మశానవాటికలో గౌరవ పట్టికలో ఉన్నాయి. ఆ పట్టికకు రెండవ ప్రతి కరాచీలో ఉంది.