జ్వరం దిగిన వారానికి

ఈశాన్య రుతుపవనాలు పులికాట్ సరస్సును నింపే నెలల్లోనే ఫ్లెమింగోలూ వస్తాయి, దోమలూ జ్వరాలూ వస్తాయి. తడ, సూళ్లూరుపేట వైపు వేటకు పోయేవాళ్లకు జ్వరమంటే ఒళ్లు కాలినన్నాళ్లే. ఒళ్లు చల్లబడితే వల భుజానికెక్కుతుంది. ఇల్లు గడవాలి మరి, తప్పు పట్టలేం. గుండె లెక్క మాత్రం వేరు.

వైరస్ జ్వరాలు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. ఎవరో ఒకరిలో వైరస్ గుండె కండరం దాకా పోయి వాపు తెస్తుంది. అదే మయోకార్డైటిస్. డెంగ్యూ, ఫ్లూ, కోవిడ్ ఏదైనా ఈ పని చేయగలదు. శాస్త్రవేత్తలు ఎక్కువగా తవ్విచూసింది కాక్సాకీ బి వైరస్‌ను. కాక్సాకీ న్యూయార్క్ రాష్ట్రంలో ఒక ఊరు. 1940ల చివర్లో ఈ జాతి వైరస్ మొదట దొరికింది అక్కడే. పేగుల్లో పెరిగి రక్తంలోకి దిగిన ఈ వైరస్ గుండె కణం మీదున్న ఒక ప్రొటీన్‌ను పట్టుకుని లోపల దూరుతుంది. దూరాక, కణం పొరకు దన్నుగా ఉండే డిస్ట్రోఫిన్‌ను తెంచేస్తుంది. ఇంతలో రోగనిరోధక కణాలు వచ్చిపడతాయి. చిక్కంతా ఇక్కడే: దాక్కున్న వైరస్‌ను చంపాలంటే అది దాక్కున్న కణాన్నీ చంపాలి. పోయిన గుండె కండరం మళ్లీ మొలవదు, మచ్చే మిగులుతుంది.

ఇదంతా ముదిరేది తరచూ జ్వరం దిగాకే, వారం రెండు వారాలకు. ఛాతీ నొప్పి, ఆయాసం, గుండె దడ, కాళ్ల వాపు. జ్వరం తాలూకు నీరసమనో, గ్యాసనో అనుకుంటారు. ఈసీజీ, ట్రోపోనిన్ రక్తపరీక్ష, ఎకో తీస్తే గుట్టు బయటపడుతుంది. ఎంఆర్ఐతో తేల్చుకునే కొలమానాలకు కెనడాలోని లేక్ లూయిస్ పేరుంది. గుండెకూ సరస్సుకూ అక్కడో చుట్టరికం కుదిరింది. పులికాట్‌లోని ఇరకం దీవి మనిషికి ఆ పరీక్షలంటే ముందు పడవ, తర్వాత తిరుపతికో చెన్నైకో బస్సు.

కాక్సాకీని చంపే మందు ఇప్పటికీ లేదు. గుండెకు బరువు తగ్గించే మందులిస్తారు, విశ్రాంతి చెబుతారు. ఎక్కువమంది కోలుకుంటారు, కొందరి గుండె సాగిపోయి పెద్దదవుతుంది. విశ్రాంతి అన్నది ఊరికే అనే మాట కాదు. 1970లో అమెరికాలో కాక్సాకీ సోకిన ఎలుకలను నీళ్లలో ఈదించి చూశారు. ఊరికే ఉన్నవాటికన్నా ఈదిన ఎలుకల గుండెల్లో వైరస్ వందల రెట్లు పెరిగింది.

అందుకే ఈ జబ్బు వచ్చిన క్రీడాకారులను మూడు నుంచి ఆరు నెలలు మైదానానికి దూరంగా ఉంచుతూ వచ్చారు. నడుములోతు నీళ్లలో నిలబడి తడిసిన వల లాగేవాడు వాళ్లకన్నా తక్కువ కష్టమేమీ పడడు. అతని మందుచీటీలో అన్ని నెలల విశ్రాంతి రాయడం తేలికే. ఆ నెలల్లో పడవ ఎవరు నడపాలో చీటీలో ఉండదు.