చొంగ కార్చు ఆవు

పశువైద్యము నభ్యసించు యువకునకు ప్రమాద మెచ్చట నున్నదని యడిగినచో, పొడుచు కోడె కొమ్మునందో, తన్ను బఱ్ఱె కాలియందో యని లోకము చెప్పును. ఆ రెండును కంటికి కనబడునవే. తప్పుకొనుటకు తావు గలదు. అంతకు మించిన ప్రమాదము, కొట్టములో తల వ్రేలవైచి చొంగ కార్చుచు నిలచిన సాధుజంతువు నోటియందున్నది.

మంథని ప్రాంతపు రైతు, తన యావు మేత మాని, నీరు మ్రింగజాలక, బొంగురు గొంతుతో నఱచుచుండగా, "మక్కకంకి గొంతుల ఇరికినట్టున్నది సారూ, జర చెయ్యి పెట్టి చూడుండ్రి" అనును. ఆ "సారు" ఇరువదిరెండేండ్ల విద్యార్థి. రైతు మాట తెలివితక్కువది కాదు. చొంగ కార్చు పశువునకు గాలికుంటు కావచ్చును. అప్పుడు నాలుకపై పుండ్లు చూడవలెను. టెంకయో కంకియో అడ్డుపడి యుండవచ్చును. అప్పుడు గొంతు తడవవలెను. నేర్చిన విద్య యంతయు నోరు తెఱచి చూడుమనియే చెప్పును. విద్యార్థి తొడుగు లేని చేతిని మోచేతివఱకు చొనుపును. కొలది దినములలో ఆవు పడి చచ్చును. అప్పుడు గాని పాలేరునకు, రెండు నెలల క్రిందట పిచ్చికుక్క యొకటి మందలో దూరిన సంగతి జ్ఞప్తికి రాదు!

ఇది యే యొక్కని కథయు గాదు. పశువులకు కుక్కపిచ్చి సోకినపుడు తఱచుగా జరుగు తీరే యిది. పిచ్చి యనగానే మీదికి దుముకుటయని మనము తలంతుము. పశువులందు మూగపిచ్చియు గలదు. కాటునుండి విషక్రిమి నరముల వెంట మెల్లగా మెదడును చేరును. అందుకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. ఆలోపల గాయము మానిపోవును. పిమ్మట గొంతు కండరములు చచ్చుబడును. మ్రింగలేని లాలాజలమే చొంగయై కారును. క్రిమి యుండునది దానిలోనే. చేతిమీది చిన్న గీఱు చాలును. మనుష్యునియందు లక్షణములు పొడసూపిన పిమ్మట బ్రతుకు దాదాపు లేదు.

1885 జూలై 6న పాస్టరు మహాశయుడు తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టరునకు టీకా వేసెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము ఇప్పటికిని ఏటేట సుమారు 59,000 మంది ఈ వ్యాధిచే మరణించుచున్నారు; అందు మూడవవంతుకు పైగా భారతీయులు. మందు లేక యిది జరుగుటలేదు. బొడ్డుచుట్టు పొడుచు సూదుల భయము పల్లెలలో నింకను పోలేదు. గొఱ్ఱె మెదడునుండి చేసిన ఆ పాత మందు మన దేశమున 2004తోనే నిలిచిపోయినది. ఇప్పటి సూది భుజమునకే.

మంథని నియోజకవర్గమునకు 1957 నుండి ఇరువదేండ్లు ప్రాతినిధ్యము వహించిన పి. వి. నరసింహారావుగారి పేరనే తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయ మున్నది. దాని కళాశాలలలో నొకటి కోరుట్లయందు గలదు. అక్కడనైనను, మఱెక్కడనైనను, విద్యార్థి కొట్టములో నడుగిడుటకు ముందే టీకా పొందియుండవలె ననుట మా యభిప్రాయము. వారము వ్యవధిలో రెండు మోతాదులు చాలునని 2018లో ఆ సంస్థయే చెప్పినది. పుస్తకముల మూటకంటె దీనికగు వ్యయము తక్కువ! అట్టివాడు పిమ్మట విషలాల తగిలినపుడు సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగికొని, మఱి రెండు సూదులు వేయించుకొనిన సరిపోవును. ఖరీదైన సీరము అక్కఱలేదు.

విద్యార్థికంటె ముందుగా ఆ నోట చేయి పెట్టినవారు వేఱొకరు గలరు. వెదురుగొట్టముతో కషాయము త్రాగించిన యింటి యిల్లాలు, దవడ పట్టుకొనిన పాలేరు. వారిని పిలిచి, చేతులు చూచి, ఆనాడే ఆసుపత్రికి పంపుట కూడ ఆ యువకుని వైద్యములోనిదే. ఆవు బ్రతుకదు, వారు బ్రతుకుదురు.